ఏడు క్లిప్పులు

బొంగరం అన్నది అతని అసలు పేరు కాదు, వీధి పెట్టిన పేరు. ఒక్క టీ తాగేలోగా గ్లాసు మూడు చోట్ల పెడతాడు. ఫోనొస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి గది కొలుస్తాడు. ఎవరైనా కూర్చోమంటే కూర్చుంటాడు గానీ, నిమిషం తిరిగేసరికి కుర్చీ జానెడు పక్కకి జరిగి ఉంటుంది. కాలుగాలిన పిల్లి నయం, దానికి కాలు మానితే ఓ మూల పడుకుంటుంది అని అతని భార్య పెళ్లయిన మొదటి నెల్లోనే తేల్చేసింది. అలాంటి మనిషికి దేవుడిచ్చిన పని ఏమిటయ్యా అంటే, ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్లకి "కదలొద్దు" అని చెప్పడం.

లైసెన్సులిచ్చే ఆఫీసుకి ఎదురుగా, జిరాక్సు షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న సన్నటి గది అతని స్టూడియో. లోపల తెల్ల తెర, రెండు లైట్లు, ఒక స్టూలు. పక్క గోడకి నిలువుటద్దం, దానికి దారంతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. అద్దం పక్కన కొయ్యకి ఒక నల్ల కోటు. ఫారం నింపుకుని, చెమటలు తుడుచుకుంటూ వచ్చిన ప్రతివాడూ ముందు దువ్వెన అందుకుని, తర్వాత కోటు వంక చూసి, "అది వేసుకోవచ్చా?" అని అడుగుతాడు. అలా అడగనివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ కోటుకి ఒక కథ ఉంది. వెనక వీధి దర్జీకి ఎవరో భారీ మనిషి కొలతలిచ్చి వెళ్లి మళ్లీ రాలేదు. ఆ కొలతల మనిషిని ఈ చుట్టుపక్కల ఎవరూ చూసిన గుర్తు లేదు. దర్జీ షాపు మూసేస్తూ కోటుని బొంగరానికి అంటగట్టాడు. అది ఎవరికీ సరిపోదు. అందుకని వెనక వీపు మీద గుడ్డంతా కూడదీసి, బట్టలారేసే చెక్క క్లిప్పులు పెడతాడు మనవాడు. ముందు నుంచి చూస్తే మేనేజరు, వెనక నుంచి చూస్తే బట్టలు ఆరేసిన తాడు. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కోటు రెండో గుండీ ఎప్పుడో ఊడిపోతే, బొంగరం భార్య తన పాత స్వెట్టరు గుండీ ఒకటి తీసి కుట్టింది. మిగతావి నల్లవి, అదొక్కటి గోధుమ రంగు.

సన్నటి మనిషికి నాలుగు క్లిప్పులు, మరీ సన్నటివాడికి ఐదు. స్టూడియో చరిత్రలో రికార్డు ఏడు. పందొమ్మిదేళ్ల కిందట తాళంచెవులు చేసే ఆయన లైసెన్సు ఫొటోకి వచ్చినప్పుడు ఉన్న ఆరు క్లిప్పులూ చాలక, బొంగరం వీధి చివరి తన ఇంటికి పరిగెత్తి తాడు మీద నుంచి ఏడోది లాక్కొచ్చాడు. దాంతో ఉతికిన దుప్పటి బురదలో పడింది. ఆ దుప్పటి సంగతి భార్య ఇప్పటికీ నెలకోసారి ఎత్తుతుంది. క్లిప్పు ఎవరి వీపుకో మాత్రం ఆవిడ అడగనూ లేదు, దుప్పటి గొడవలో అతను చెప్పనూ లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. బొంగరం నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరైనా కొత్త ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో దిగితే, ఆ కబురు సాయంత్రానికి పాత యజమానికి చేరిపోతుంది. చెడ్డబుద్ధితో కాదు పాపం. కాళ్లు ఎలా నిలవవో మాటా అలాగే నిలవదు, అంతే.

యాభై దాటాక అతన్ని ఒక బెంగ పట్టుకుంది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల మొహాలు తీశాడో అతనికే తెలీదు. ఒక్క ఫొటోని కూడా ఎవరూ నిలబడి చూడలేదు. గుమాస్తా దాన్ని ఫారానికి అంటించి, సగం మొహం మీద స్టాంపు గుద్ది, ఫైల్లో పెట్టి కట్టేస్తాడు. బాగా తీస్తే ఎవరూ ఏమీ అనరు, చెడగొడితే తిట్టి వెనక్కి పంపుతారు. పోయేలోగా ఒక్కసారైనా తను తీసిన బొమ్మల ముందు మనుషులు ఆగి, చూసి, నవ్వి, మళ్లీ చూస్తే బావుండునని అతనికి కోరిక. పైకి అంటే సిగ్గు కాబట్టి భార్యకి మాత్రమే చెప్పాడు. ఆవిడ జిరాక్సు షాపావిడకి చెప్పింది. మొత్తానికి వీధి వీధంతా తెలిసింది.

దారి ప్లంబర్ చూపించాడు. ఒకరోజు పని మధ్యలో, పాంటు మోకాళ్లదాకా మడిచి, తడి కాళ్లతోనే ఫొటోకి వచ్చాడు. కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టి క్లిప్పులు పెడుతుంటే ఒకటి జారి కింద పడింది. దాన్ని తియ్యడానికి వంగిన బొంగరం తలెత్తి చూసి అలాగే ఉండిపోయాడు. అద్దంలో గంభీరంగా ఒక పెద్దమనిషి. కళ్లెదుట అయిదు క్లిప్పులు కరిచిన వీపు, దాని కింద బురద కాళ్లు. రెండూ ఒకే మనిషి, రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి. ముప్ఫై ఏళ్లుగా తను చూస్తున్నదే, కానీ ఒక్కసారీ కెమెరా అటు తిప్పలేదు.

ఇక ఆ రోజు నుంచి మనిషి మనిషి కాదు. అద్దంలో తన కెమెరా, తన పొట్టా పడకుండా తియ్యడానికి నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. అద్దం కింద అట్టముక్క మడిచిపెట్టి కాస్త వంచాడు, స్టూలెక్కి ఓ పక్కకి ఒరిగాడు, రెండుసార్లు కిందపడ్డాడు. చివరికి కుదిరింది. ప్లంబర్ చేతిలో పైపు రెంచీ, మంగలి జేబులో కత్తెర, బేకరీ ఆయన మోచేతుల దాకా పిండి, ఆటో నడిపే అమ్మాయి మెళ్లో విజిలు. అందరి ఒంటి మీదా అదే కోటు, అందరి వీపునా క్లిప్పులు, అద్దంలో అందరూ మేనేజర్లే. పిలిస్తే రానన్నవాళ్లు లేరు. వీధిలో అంత నవ్వు చాలా కాలానికి వినపడింది.

పక్క వీధి లైబ్రరీలో లైబ్రేరియన్ మేడమ్ ఆ ఫొటోలు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. చదువుకునే గదికి వెళ్లే వసారా గోడ నెల రోజులు వాడుకోమంది. పన్నెండు ఫొటోలు పడతాయి, వచ్చే ఆదివారం మొదలు పెడదామంది. బొంగరం దగ్గర పదకొండున్నాయి. పన్నెండోది తర్వాత చూసుకుందామనుకుని ఇంటికి వచ్చాడు గానీ, ఆ సాయంత్రం అన్నం ముందు మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాడు. మేడమ్ లైబ్రరీ గుమ్మంలో ప్లంబర్ ఫొటో ఒకటి అంటించి, కింద ఆదివారం తేదీ రాసింది.

సోమవారం మధ్యాహ్నం తాళాలమ్మ స్టూడియోకి వచ్చింది.

తాళాలమ్మ అంటే పైన చెప్పిన తాళాలాయన భార్య. ఆయన పోయాక ఆ చిన్న బడ్డీ ఈవిడే నడుపుతోంది. మూడు వీధులకి మారు తాళంచెవులు ఈవిడ చేతిలోవే. బొంగరం ఆవిణ్ని అక్కా అంటాడు, ఆవిడ అతన్ని తమ్ముడూ అంటుంది. అంతకు మించి చుట్టరికం లేదు. లైబ్రరీ బీరువాకి కొత్త తాళంచెవి ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో ఫొటో చూసిందట. వచ్చిన మనిషి కూర్చోలేదు. కొయ్యకున్న కోటు వంక చూసి, రెండో గుండీ వేలితో తాకి, అప్పుడు మాట్లాడింది.

ఆవిడ చెప్పింది ఇదీ. ఆయన జ్వరంతో పోయినప్పుడు ఇంట్లో ఉన్న ఫొటో ఒక్కటే, లైసెన్సు కోసం దిగినది. దాన్ని బొంగరమే పెద్దది చేసి ఫ్రేము కట్టించి ఇచ్చాడు. అప్పుడు కూతురికి అయిదేళ్లు. గోడ మీద బొమ్మ చూసి, నాన్న కోటేదని అడిగింది. అది నాన్నది కాదు అనడానికి తల్లికి నోరు రాలేదు. చలికి వణుకుతున్న ఒకాయనకి ఇచ్చేశానంది. పిల్ల ఆ మాట బళ్లో అందరికీ చెప్పుకుంది. మా నాన్న కోటు వేసుకునేవాడు, ఇలా ఒక కనుబొమ్మ ఎగరేసి దర్జాగా చూసేవాడు అని కనుబొమ్మ ఎగరేసి మరీ చూపించేది. ఆ పిల్లే ఇప్పుడు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వారానికి రెండుసార్లు లైబ్రరీకి వెళ్తుంది.

"మిగతావాళ్ల సంగతి వేరు తమ్ముడూ," అంది తాళాలమ్మ. "వాళ్లందరికీ క్లిప్పులు పెట్టావు. ఆయనకి ఒక్కటి కూడా అక్కర్లేకపోయింది. కొలిచి కుట్టినట్టు సరిపోయిందని ఆ రోజు ఇంటికొచ్చి ఎంత మురిసిపోయాడో. ఆ కోటుని ఇప్పుడు పదిమందికీ తొడిగి గోడకెక్కిస్తే నా కూతురేమనుకోవాలి? నీకు దణ్ణం పెడతాను, ఇది ఆపెయ్."

బొంగరం నోటిదాకా ఏడు అన్న అంకె వచ్చింది. పళ్లు బిగించి దాన్ని లోపలికి తోశాడు. ఆలోచిస్తానక్కా అన్నాడు. అతని జీవితంలో నోటిదాకా వచ్చిన మాట వెనక్కి వెళ్లడం బహుశా అదే మొదలు.

తప్పంతా తనదేనని అతనికి తెలుస్తూనే ఉంది. ఆ ఫ్రేము కట్టించిందే తను. ఆ ఒక్కటేనా? పోయినవాళ్ల ఫొటో కావాలని వచ్చిన ప్రతి ఇంటికీ పాత ఫైల్లోంచి కోటు బొమ్మే తీసి పెద్దది చేసి ఇచ్చాడు. ఈ మూడు వీధుల్లో ఎన్ని గోడల మీద ఆ గోధుమ రంగు గుండీ ఉందో. అందరి ఇళ్లలోనూ తనే వేలాడదీసిన కోటుని ఇప్పుడు తనే వెనక నుంచి చూపిస్తానంటున్నాడు. ఇంత చిన్న సంగతి తట్టకుండా స్టూలెక్కి ఊగినందుకు తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడే గానీ, ఫొటోలు ఆపాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. మళ్లీ ఇలాంటి గోడ ఎప్పుడు దొరుకుతుంది? దొరికినా అప్పటికి స్టూలెక్కే మోకాళ్లుంటాయా?

మంగళవారం ఒక ఉపాయం చేశాడు. బేకరీ ఆయన అల్లుడి బూడిదరంగు కోటు అడిగి తెచ్చి, ప్లంబర్‌ని పిలిచి మళ్లీ తీశాడు. ఆ కోటు ప్లంబర్‌కి చక్కగా సరిపోయింది. క్లిప్పుల అవసరమే రాలేదు. ప్లంబర్ ఫొటో చూసి, "ఇది నేనే కదా, ఇందులో ఏముంది?" అన్నాడు. నిజమే, ఏమీ లేదు. బొంగరం ఆ కోటు మడిచి ఇచ్చేసి వచ్చాడు.

ఆ రెండు రోజులూ అతను వీధిలో తిరిగిన తిరుగుడు చూసి మందుల షాపాయన ఏదైనా మాత్ర వేసుకోమన్నాడు. ఇంట్లో భార్య వంటింటికి వెళ్తే వెనకాలే వంటింటికి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి. చెప్పాలని ఉంటుంది, చెబితే ఆవిడ జిరాక్సు షాపావిడకి చెబుతుందని భయం. చివరికి ఆవిడే చేతిలో గరిట పక్కన పెట్టి తిరిగి నిలబడింది.

"కడుపులో ఏదో పెట్టుకున్నారు, అది నాకు చెప్పకండి," అంది. "మీరు దాచుకోగలిగింది ఈ జన్మకి ఇదొక్కటే అయితే దాచుకోండి. కానీ ఫొటోలు పెట్టడమో మానడమో తేల్చుకోండి. తేలేదాకా నా వెనకాల తిరక్కండి, కాలు తగిలి నేను పడేలా ఉన్నాను."

బుధవారం పులి మీద పుట్రలా తాళాలమ్మ కూతురు వచ్చింది. ఆసుపత్రి గుర్తింపు కార్డు మార్చాలట, ఫొటో కావాలట. గుమ్మంలో ఆ పిల్లని చూడగానే బొంగరం కొయ్య మీది కోటు లాగి స్టూలు మీద పడేసి, దాని మీద కూర్చున్నాడు.

"మామయ్యా, మీరు కూర్చోగా నేనెప్పుడూ చూళ్లేదు," అంది ఆ అమ్మాయి.

నడుం నొప్పి అన్నాడు. ఫొటో దిగాలంటే ఆ స్టూలే కావాలంది. లేవక తప్పలేదు. కోటు చెయ్యి ఒకటి కిందికి వేలాడింది. ఆ అమ్మాయి వంగి దాన్ని తీసింది. దులిపింది. రెండో గుండీ బొటనవేలితో ఓసారి రుద్ది నవ్వింది. ఆ నవ్వులో ఆశ్చర్యం లేదు.

టెన్త్ చదివేటప్పుడు స్నేహితురాలి ఇంటికి వెళ్లిందట. వాళ్ల తాతగారి ఫొటోలో అదే కోటు, అదే గుండీ. తర్వాత మంగలి షాపు గోడ మీద ఇంకోటి. ఆ రోజు దారంతా ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్తే తల్లి నాన్న ఫొటో అద్దం తుడుస్తూ ఉంది. ఏమీ అడక్కుండా కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంది.

"అమ్మకి తెలీకూడదు మామయ్యా. నేను నమ్ముతున్నానని తను అనుకుంటోంది. ఆ ఒక్క అబద్ధాన్నీ ఇన్నేళ్లు పెంచి పోషించింది, పోనీలే అని నేనూ ఊరుకున్నాను. మీ ఫొటోలు మీరు పెట్టుకోండి. ఆదివారం నాకు డ్యూటీ ఉందని చెప్పేస్తాను. ఈ నెలంతా లైబ్రరీ వైపు రాను."

తర్వాత అడిగింది, ఒకసారి వేసుకోవచ్చా అని. అవుననేలోగానే కుడిచెయ్యి కోటు చేతిలోకి భుజం దాకా దూర్చింది. వేళ్లు కూడా బయటికి రాలేదు. అలా కాసేపు ఉంచి, మెల్లిగా చెయ్యి తీసేసి, కోటు తనే కొయ్యకి తగిలించింది. ఫొటోకి కూర్చున్నప్పుడు ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచింది. ఆఫీసు వాళ్లు ఒప్పుకోరని చెప్పి బొంగరం దాన్ని దించమన్నాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. ఇక్కడ ఎవరికీ కోపం లేదు, అదే పెద్ద ఇబ్బంది. కోపమైతే పోట్లాడొచ్చు. తల్లి కూతురి కోసం, కూతురు తల్లి కోసం నోరు కట్టేసుకుంటే మధ్యలో ఈ నోరున్న మనిషి ఇరుక్కున్నాడు. కూతురికి తెలుసని తల్లితో అంటే కూతురు దాచమన్న సంగతి బయటపడుతుంది. అనకపోతే ఫొటోలు పోతాయి. ఇవి చాలవన్నట్టు ఆ ఏడు అంకె ఒకటి. అదైతే ఎవరికీ పనికొచ్చేది కాదు, అయినా ఎక్కువ సలుపుతున్నది అదే.

శుక్రవారం పొద్దున్న లైబ్రరీకి వెళ్లాడు. వసారాలో గోడకి సున్నం వేయించి, మేడమ్ అప్పటికే మేకులు కొట్టించేసింది. వరసగా పన్నెండు. అతను ఒక్కో మేకు ముందూ ఆగి, ఇక్కడ ప్లంబర్, ఇక్కడ మంగలి అని మనసులో అనుకుంటూ చివరిదాకా నడిచాడు. ఏడవకూడదని ముక్కు గట్టిగా నలుపుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, ఫొటోలు పెట్టడం లేదని చెప్పాడు. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. మేడమ్‌కి కోపం వచ్చింది గానీ, కారణం చెప్పని బొంగరాన్ని ఎన్నడూ చూసి ఉండలేదు కాబట్టి, మేకులు ఆదివారం దాకా అలాగే ఉంచుతానంది.

అక్కడి నుంచి తిన్నగా తాళాలమ్మ బడ్డీకి వెళ్లాడు. ఆవిడ ఒక తాళంచెవిని చిన్న వైసులో బిగించి ఆకురాయితో పళ్లు రాస్తోంది. ఆపేశానక్కా, ఫొటోలు గోడెక్కవు అన్నాడు. ఆవిడ తలెత్తి, నీ కడుపు చల్లగుండ అంది. అక్కడితో అతను వెళ్లిపోయి ఉండాల్సింది. వెళ్లలేదు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. వేలాడే తాళంచెవుల గుత్తి తాకి గలగలలాడించాడు. బడ్డీ చెక్క గోకాడు. తాళాలమ్మ కాసేపు చూసి, బాధగా ఉందా అని అడిగింది. ఉంది అన్నాడు. ఇంకేమైనా ఉందా అంది. లేదన్నాడు. లేదంటూనే గుత్తి మళ్లీ కదిపాడు.

"నోట్లో ఏముందో కక్కెయ్ తమ్ముడూ. నిన్ను చూస్తుంటే నాకు తల తిరుగుతోంది."

"ఏడు," అన్నాడు బొంగరం.

"ఏమిటి ఏడు?"

ఇక ఆగలేదు. బావగారికి ఆ రోజు పెట్టిన క్లిప్పులు ఏడు. ఉన్న ఆరూ చాలక ఇంటికి పరిగెత్తాడు, దుప్పటి బురదలో పడింది. ఎడమ భుజం కిందికి జారిపోతుంటే లోపల న్యూస్‌పేపరు మడిచి పెట్టాల్సి వచ్చింది. ఏడో క్లిప్పు కోటునీ చొక్కానీ దాటి వీపు మీద చర్మాన్ని కూడా పట్టుకుంది. తియ్యబోతే ఆయన వద్దన్నాడు, మళ్లీ పెట్టేలోగా లైసెన్సాఫీసు మూసేస్తారు, కానివ్వు అన్నాడు. అదీ సంగతి. మాటలన్నీ అయిపోయాక బొంగరం తాళంచెవుల గుత్తి వదిలేశాడు. పందొమ్మిదేళ్లుగా ఆవిడ దాచుకున్న ఒక్క మురిపెమూ తన నోటితో తీసేశానని అర్థమైంది. కూతురి సంగతి మాత్రం ఇంకా లోపలే ఉందని తడుముకుని చూసుకున్నాడు. ఉంది.

తాళాలమ్మ చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"అయితే ఆ కనుబొమ్మ?" అంది.

"క్లిప్పు కరిచిందక్కా. ఆ నొప్పికి లేచింది."

ఆవిడ మొహం ముందు ముడుచుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని బొంగరం చేతులు నలుపుకున్నాడు. ఏడవడం లేదు, నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, వంగి, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది. పక్క చెప్పుల కొట్టు ఆయన బయటికొచ్చి చూశాడు.

"దర్జా అనుకున్నాను," అంది ఊపిరి తీసుకుంటూ. "రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ కనుబొమ్మ చూసి, ఎంత దర్జా మనిషివయ్యా అనుకునేదాన్ని. నొప్పికి లేచిందా? నాతో ఒక్క క్లిప్పు కూడా లేదని చెప్పి, ఆ రాత్రంతా వీపు నా వైపు తిప్పకుండా పడుకున్నాడు." నవ్వు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎందుకు చెప్పాడో తెలుసా? నేనే అన్నాను, ఊళ్లో వాళ్ల కోటు వేసుకుంటే నవ్వులపాలవుతావని. అందుకని సరిపోయిందన్నాడు. నా కోసం ఆయన, కూతురి కోసం నేను. బాగానే ఉంది మా సంసారం."

ఆవిడ వైసు విప్పింది. పూర్తికాని తాళంచెవిని డబ్బాలో వేసింది. బడ్డీ తలుపు దించి, మిట్టమధ్యాహ్నం తాళం పెట్టింది. ఎక్కడికని బొంగరం అడిగితే, నీ స్టూడియోకే అంది.

దారిలో అతను రెండడుగులు ముందు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ ముందు నడిచాడు. స్టూడియోలో ఆవిడ తనే కొయ్య మీది కోటు అందుకుని తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కోటు చేతులు మునివేళ్లు దాటి వేలాడుతున్నాయి. ఏడూ పెట్టమంది. ఆయనకి ఎక్కడెక్కడ పెట్టావో అక్కడే పెట్టమంది. బొంగరం డబ్బా వెతికితే ఆరే ఉన్నాయి. ఏడోదాని కోసం ఇంటికి పరిగెత్తాడు. భార్య పెరట్లోనే ఉంది. ఈసారి ఆవిడే తాడు మీది బట్ట చేత్తో పట్టుకుని క్లిప్పు తీసి ఇచ్చింది.

ఒక్కోటీ పెడుతుంటే తాళాలమ్మ పైకి లెక్కపెట్టింది. మెడ కింద ఒకటి. భుజాల దగ్గర రెండు, మూడు. నడుం మీదికి దిగుతూ నాలుగు, అయిదు. నడుం కింద ఆరు. ఏడోది పెట్టబోతూ బొంగరం ఆగి, గుడ్డ మాత్రమే పడతానక్కా, వీపు తగలకుండా చూస్తానన్నాడు.

"తగలనీ," అంది తాళాలమ్మ. "ఎంత నొప్పి పుట్టిందో నాకూ తెలియాలి."

అతను పెట్టాడు. చురుక్కుమనగానే ఆవిడ పెదవి కొరుక్కుంది. అద్దంలో ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. స్టూలెక్కి పక్కకి ఒరిగిన బొంగరం కదలొద్దని చెప్పలేదు. మీట నొక్కి, ఇంకోటి తియ్యకుండా దిగిపోయాడు.

ఇది గోడకెక్కించు, మిగతావి కూడా ఎక్కించు అంది ఆవిడ కోటు విప్పుతూ. మరి అమ్మాయి అన్నాడు. దానికి నేనే చెబుతాను అంది. శుక్రవారం చెప్పలేదు, శనివారం చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తోచక, ఆదివారం డ్యూటీ ఉందని కూతురంటే, అది మార్చుకుని నాతో లైబ్రరీకి రా, ఒకటి చూపించాలి అని మాత్రం అందట.

ఆదివారం పది గంటలకి వసారా నిండిపోయింది. మనుషులు ఆగారు, చూశారు, నవ్వారు, మళ్లీ చూశారు. మంగలి తన వీపు ఎంత వంగిపోయిందో అప్పుడే తెలిసిందన్నాడు. ఒకాయన మా నాన్నది కూడా ఈ కోటేనన్నాడు, పక్కాయన మా మామయ్యదీ అన్నాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లుగా తను కోరుకున్నదంతా జరుగుతుంటే బొంగరం దేన్నీ చూడ్డం లేదు. గుమ్మానికీ పన్నెండో మేకుకీ మధ్య తిరుగుతున్నాడు.

తల్లీకూతుళ్లు పదకొండింటికి వచ్చారు. తాళాలమ్మ ఏ ఫొటో దగ్గరా ఆగకుండా కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా పన్నెండోదాని ముందుకి తీసుకెళ్లి నిలబెట్టింది. తను నేల చూస్తూ పక్కన నిలబడింది. ఆ అమ్మాయి ముందు అద్దంలోని మొహం చూసింది, కనుబొమ్మ చూసింది. తర్వాత వీపు చూసింది. వేలితో గాల్లో ఒక్కో క్లిప్పే లెక్కపెట్టింది. లెక్క ముగిశాక తల్లి వైపు తిరిగింది.

"నాన్నకీ ఇన్నేనా అమ్మా?"

తాళాలమ్మ తలెత్తి కూతురి మొహంలోకి చూసింది. అందులో ఆశ్చర్యం కోసం వెతికింది, దొరకలేదు. ఎప్పటి నుంచి అని అడిగింది. టెన్త్ నుంచి అంది కూతురు.

"ఇన్నే," అంది తల్లి. "కరిచేది ఏడోదే."

కూతురు తల్లి వెనక్కి వెళ్లి, ఆ చోటు వెతుక్కుని, వీపు మీద అరచేయి పెట్టి మెల్లిగా రుద్దింది. బొంగరం భార్య దూరం నుంచి మొగుణ్ని చూసింది. అతను పన్నెండో మేకు పక్కన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు.